వందకి ఎంత

జనవరి. ట్రోమ్సోలో పగలంటే
పదకొండింటికి కొండ వెనక కాసేపు నీలం, అంతే.
పోస్టు డబ్బా దగ్గర జారిపడిందట గున్‌వోర్.
అందులో ఉన్నది ఉత్తరం కూడా కాదు, కరెంటు బిల్లు.
తుంటి దగ్గర ఎముక మెడ పుటుక్కుమంది.
ఎనభై నాలుగేళ్ళు, నలభై తొమ్మిది కిలోలు,
గుండెకి మూడు రకాల మాత్రలు.

పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేశాను.
మూత మీద పేరు అంటించాను.

నడుము కింద మొద్దుబారింది కానీ
మాట పదునుగానే ఉంది.
నీలం తెరకి అవతల ఐలిఫ్, రంపం, సుత్తి, వడ్రంగి పని.
ఇవతల, ఆమె తల పక్కన, నా స్టూలు.
బోసినోటితో సేన్యా దీవి కబుర్లు:
ఏడేళ్ళప్పుడు రేవులో కాడ్ చేపల నాలుకలు కోసేదట.
తలని మేకుకి గుచ్చడం, ఒక్క కోత, బకెట్లోకి.
"వందకి ఎంతిచ్చేవాళ్ళో తెలుసా?"
తెలీదన్నాను.
చెప్పబోయింది.
అవతల్నుంచి ఐలిఫ్ అన్నాడు:
సిమెంట్.

మా గదిలో ఆ మాట గట్టిగా అనాలి,
విన్నామని అందరూ బదులు చెప్పాలి.
విన్నామన్నాం.
తూర్‌బ్యోర్గ్ ఆక్సిజన్ పెంచింది.
నేను సిరంజి చేతిలోకి తీసుకున్నాను.

పొడి, ద్రవం, కలిపితే ముద్ద.
పేరుకే సిమెంట్. ఇసుకని ఎరగదు, ఇటుకని ఎరగదు.
గ్లాసులో తేలుతున్న ఆ గులాబీ చిగుళ్ళకి దగ్గరి చుట్టం.
ఘాటు వాసన కాస్త ఇటు వచ్చింది.
"ఎవరే, గోళ్ళరంగు వేసుకుంటోంది?" అని నవ్వింది.

దాన్ని ఎముకలో నొక్కి నింపాలి. నొక్కకపోతే పట్టదు.
నొక్కితే,
ఇన్నేళ్ళూ లోపల కాపురమున్న మూలుగ,
కొవ్వు చుక్కలు, నాలుగు గాలి బుడగలు
చోటు చాలక సందులు వెతుక్కుంటాయి.
రక్తం దారిన గుండె కుడివైపుకి,
అక్కణ్ణించి ఊపిరితిత్తుల్లోకి.
చాలామందిలో ఎలాగో సర్దుకుంటాయి.
కొందరిలో గుమ్మానికి అడ్డం పడతాయి.
ఎవరిలో పడతాయో
కొంత ముందే తెలుసు మాకు. కొంతే.

"కిటికీ తియ్యమ్మా," అంది గున్‌వోర్.

మా గదికి కిటికీ లేదు.

నూట ముప్ఫై. తొంభై. యాభై రెండు.
ఆపైన అంకెలు పోయి గీతలు.
సిరంజి ఖాళీ. ఇంకోటి. అదీ.
వెల్లకిలా తిప్పి ఆమె ఛాతీ మీద నా రెండు చేతులు,
నా కింద చిన్న చిన్న పక్కటెముకలు,
(వాటి సంగతి రాయను).
సిమెంట్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు,
దాని గడియారం దానిది.

ఐలిఫ్ అరచేతిలో మిగిలిన ముద్ద, నేరేడుపండంత.
గట్టిపడిందా లేదా అని తెలుసుకోడానికి
ప్రతిసారీ ఉంచుకునేదే. పడేయడం మరిచిపోయాడు.
గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది.
ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో
ఆ గదిలో వేడెక్కింది అదొక్కటే.

బయట ఆర్నుల్ఫ్. బూట్ల కింద కరిగిన మంచు.
అంతా విని ఒకటే అడిగాడు:
"ఎముక అతికిందా?"
"అతికింది," అన్నాడు ఐలిఫ్.
అబద్ధం కాదు. అంత చక్కటి కీలు
ఆ నెలలో మరొకటి పెట్టలేదతను.
పళ్ళ సెట్టు నేనిచ్చాను.
చలికి దాస్తున్నట్టు కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

సిమెంట్ మానేస్తే సరిపోదా అంటారు.
మానేస్తే గుల్లబారిన ఎముకలో ఉక్కుకాడ కదులుతుంది,
అడుగడుక్కీ నొప్పి. అసలు ఆపరేషనే మానేస్తే
మంచం, పుండ్లు, ఊపిరి గురగుర.
అవీ చూశాను నేను.
అందుకే గురువారం ఇంకో ముసలాయన, ఇంకో తుంటి,
మళ్ళీ అదే మాట, మళ్ళీ విన్నామనడం.

ఒకటే మారింది.
ఆ మాట వినపడగానే
తెర ఇవతల మనిషిని ఏదో ఒకటి అడుగుతాను,
జవాబు పొడుగ్గా ఉండేది.
పడవ ఎలా కట్టారు, పెళ్ళి ఎలా కుదిరింది.
మధ్యలో ఆగితే, ఊఁ, తర్వాత? అంటాను.
ముద్ద చల్లారేదాకా
ఆగనివ్వను.

వందకి ఎంతో
నాకింకా తెలీదు.